ఎడమ చెయ్యి పొట్టి చొక్కా

మంగళవారం ఉదయం పదిన్నరకు, బస్ స్టాపు ఎదురుగా ఉన్న టైలర్ దుకాణంలో, పక్క వీధి జిరాక్స్ షాపు యజమాని తాను ఈ శతాబ్దంలోకెల్లా గొప్ప అపరాధ పరిశోధకుణ్ణని ప్రకటించాడు. ఆ సమయానికి దుకాణంలో ఇద్దరు మనుషులు, బట్టలు తొడిగి చూసే బొమ్మ ఒకటి ఉన్నారు. ముగ్గురిలో ఎవరూ ఖండించలేదు.

"అక్కా, ఈ క్షణం నుంచి కేసు నా చేతుల్లో ఉంది. నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడతను.

సూదిలోకి దారం ఎక్కిస్తున్న అక్క తలెత్తలేదు. "ఏం కేసురా?"

"అది తెలుసుకుందామనే వచ్చాను."

కుర్చీలో కూర్చుని ఫోను చూస్తున్న బావ కళ్ళు మూసుకున్నాడు. ఆ ఇంటికి అల్లుడైనప్పటి నుంచి అతనికి అది అలవాటు.

అతన్ని వీధిలో అందరూ డిటెక్టివ్ అంటారు. మొదట వెక్కిరింపుగా అన్నారు. అతను దాన్ని బిరుదుగా తీసుకుని షాపు బోర్డు మీద రాయించాడు: జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, నేర పరిశోధన. ఎప్పుడూ ఒకే చొక్కా వేస్తాడు. దాని ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోతుంది. కుడివైపు ఛాతీ దగ్గర గుడ్డ వదులుగా సంచిలా వేలాడుతుంది.

ఇంతవరకు అతను ఛేదించినవి రెండు కేసులు. మొదటిది బావ కళ్ళజోడు. వేలిముద్రల కోసం డిటెక్టివ్ ఇల్లంతా ముఖం పౌడరు చల్లాడు. బావకు తుమ్ము వచ్చింది. నెత్తిమీదున్న కళ్ళజోడు కిందపడింది. పౌడరు తనది కాబట్టి ఘనతా తనదేనని డిటెక్టివ్ వాదన. రెండోది ఎదురింటివాళ్ళ సైకిలు. దాన్ని తీసుకెళ్ళింది డిటెక్టివే, తనదనుకుని.

ఈసారి నిజంగానే ఒకటి పోయింది.

అక్క టైలర్. బావ పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్తాడు. కొన్నేళ్ళ కిందట అక్క కటింగ్ పద్ధతి చెప్తే, బావ దాన్ని లెక్కలుగా మార్చి ఒక ప్రోగ్రాం రాశాడు. మనిషి కొలతలు ఇస్తే, చొక్కా ముక్కలు ఏ ఆకారంలో కత్తిరించాలో అది గీసి ఇస్తుంది. పేరు 'కొలత'. దాన్ని ఒక సైటులో పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నారు. వాడుకున్నవాళ్ళు ఊరుకోలేదు. ఒకామె పిల్లల సైజులు చేర్చింది. ఒకతను ప్యాంట్లు చేర్చాడు. వీపు వంగిపోయినవాళ్ళకు కాలర్ వెనక్కి జారకుండా ఎలా కత్తిరించాలో ఒక పెద్దాయన చేర్చాడు. తన తల్లికి కుట్టి కుట్టి నేర్చుకున్న పని అది. వీళ్ళెవరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఎవరు ఏం చేర్చారో, పక్కన ఎవరి పేరో, ప్రోగ్రాంలోని పేర్ల పేజీలో ఉంటుంది.

సోమవారం సాయంత్రం దాకా 'కొలత' సైటులో ఉంది. మంగళవారం పొద్దున లేదు. దాని చోట ఒక నోటీసు ఉంది. ఆ ప్రోగ్రాం తమదనీ, దాన్ని తమ దగ్గర కాపీ కొట్టారనీ కుట్టుమెషీన్ల కంపెనీ ఒకటి ఫిర్యాదు చేసింది. శుక్రవారం సాయంత్రంలోగా అక్క తన హక్కు రుజువు చెయ్యకపోతే పేజీని శాశ్వతంగా తీసేస్తారు.

"పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు," అంది అక్క. "ఒకామె స్కూలు యూనిఫారాలు సగం కత్తిరించి కూర్చుంది. మిగతా సైజులకి చూస్తే పేజీ లేదట. నేనేం చెప్పను ఆమెకి?"

డిటెక్టివ్ జేబులోంచి భూతద్దం తీసి ఎడమ కంటి దగ్గర పెట్టుకున్నాడు. "ప్రోగ్రాంను ఆఖరిసారి సజీవంగా ఎప్పుడు చూశావు?"

"నిన్న సాయంత్రం."

"తాళం ఎవరి దగ్గరుంది?"

"తాళం ఏముంటుందిరా. ఎవరికి కావలిస్తే వాళ్ళు తీసుకుంటారు."

"ఎవరికి కావలిస్తే వాళ్ళా?" డిటెక్టివ్ గొంతు తగ్గించాడు. "అంటే లోకంలో పుట్టిన ప్రతి మనిషీ అనుమానితుడే. సరే, దీని సొంతదారు ఎవరు?"

"ఎవరు రాసిన ముక్క వాళ్ళది," అన్నాడు బావ కళ్ళు తెరవకుండా.

"ఎంతమంది?"

"అరవై దాకా ఉంటారు."

"పేర్లు?"

బావ తన ఫోనులో దాచుకున్న పాత కాపీ తెరిచి పేర్ల పేజీ చూపించాడు. కొందరు అసలు పేర్లు రాసుకున్నారు. చాలామందివి మారుపేర్లు: కాజా, రెండో గుండీ, కత్తెరమ్మ, చిరుగు.

డిటెక్టివ్ అవి రెండుసార్లు చదివాడు. "మారుపేర్లు. తలోచోట కాపురం. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. బావగారూ, వీళ్ళకు జీతాలు ఎవరిస్తున్నారు?"

"ఎవరూ ఇవ్వరు."

"డబ్బు తీసుకోకుండా పనిచేసే ముఠా." డిటెక్టివ్ బల్ల అంచు పట్టుకున్నాడు. "నా వృత్తి జీవితంలో ఇంత భయంకరమైన మాట వినలేదు."

"ఒరేయ్, నీ వృత్తి జిరాక్స్."

"అది నా మారువేషం బావా. చీకటి సామ్రాజ్యపు కోట గోడలు ఈ రోజుతో కూలిపోతాయి. అడ్డు లేవండి."

ఎవరూ అడ్డు లేరు. అతను గిర్రున తిరిగి బొమ్మకు గుద్దుకున్నాడు. "క్షమించండి మేడమ్," అని దానికి చెప్పి వీధిలోకి వెళ్ళాడు.

మధ్యాహ్నం దుకాణానికి లాయరమ్మ వచ్చింది. కోర్టుకు వేసుకునే నల్లకోటు కుడి భుజం జారుతోందని సరిచేయించుకోవడానికి ఇచ్చింది. అక్క ఆమెకు కోటు తొడిగి భుజం దగ్గర గుండుసూదులు గుచ్చుతూ జరిగిందంతా చెప్పింది. లాయరమ్మ కదలకుండా నిలబడి, బావ ఫోనులో నోటీసు చదివింది.

"మీరు ఇచ్చిన లైసెన్సు ఏమిటి? అంటే ఏ షరతు మీద పంచారు?"

బావ సమాధానం చెప్పేలోపు తలుపు తెరుచుకుంది. డిటెక్టివ్ ఒక పెద్దమనిషి మోచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు. ఆ పెద్దమనిషి పక్క షాపులో గుండీలు, జిప్పులు అమ్ముతాడు. వీధిలో అందరికీ బాబాయి.

"కేసు ముగిసింది," అన్నాడు డిటెక్టివ్. "పెన్ డ్రైవ్‌లో 'కొలత' కాపీ చేసి ఇంకొకడికి ఇస్తుండగా పట్టుకున్నాను. రెడ్ హ్యాండెడ్."

"అమ్మాయ్," అన్నాడు బాబాయి అక్కతో, "నా షాపు మీ గోడకి ఆనుకునే ఉంది కదా. వీడు నన్ను మార్కెట్టు మీదుగా తిప్పి తీసుకొచ్చాడు."

"మనల్ని వెంబడించేవాళ్ళను తప్పించడానికి," అన్నాడు డిటెక్టివ్.

"మనల్ని ఎవరు వెంబడిస్తార్రా? నువ్వే కదా నన్ను వెంబడించావు."

"బాబాయిని వదులు," అంది అక్క. "పేజీ పోయింది, అడిగినవాళ్ళకి నీ దగ్గరున్న కాపీ ఇవ్వమని చెప్పింది నేనే."

డిటెక్టివ్ చెయ్యి జారిపోయింది. "దొంగతనానికి నా తోడబుట్టినదే ప్రేరేపించిందా?"

లాయరమ్మ తల తిప్పకుండా మాట్లాడింది. తిప్పితే సూదులు గుచ్చుకుంటాయి. "బాబూ, కాపీ చెయ్యమని ఇచ్చినవాళ్ళే చెప్తే అది దొంగతనం కాదు. ఏమండీ సారూ, షరతులు చెప్పండి."

"ఎవరైనా వాడుకోవచ్చు," అన్నాడు బావ. "కాపీ చేసి పంచొచ్చు. మార్చుకోవచ్చు. అమ్ముకోవచ్చు కూడా. రెండే షరతులు. రాసినవాళ్ళ పేర్లు తియ్యకూడదు. తనకి దొరికిన వీలే తన దగ్గర తీసుకున్నవాళ్ళకీ ఇవ్వాలి. ఇంకెవరూ తెరిచి మార్చుకోకుండా తాళం వెయ్యకూడదు. ఇందులో ముక్క రాసిన ప్రతివాళ్ళూ ఈ షరతుకి ఒప్పుకునే రాశారు."

"కంపెనీ ఏం చేసింది?"

"వాళ్ళ కొత్త కత్తిరింపు మెషీన్‌లో దీన్ని పెట్టుకుంది. పేర్లన్నీ పీకేసింది. తాళం వేసింది. పైగా మాదే దొంగతనం అంటోంది."

"అంతేనా?" అన్నాడు డిటెక్టివ్. అతని ముఖం చిన్నబోయింది. "హత్య లేదా?"

లాయరమ్మ అతని వైపు చెయ్యి చాపి తన ఫోను ఇచ్చింది. "సారు ఫోనులోంచి ఆ లైసెన్సు కాగితం ఇప్పుడే ఇందులోకి పంపించుకున్నాను. ఐదు కాపీలు తీసి పెట్టండి."

డిటెక్టివ్ వెన్ను నిటారు చేశాడు. "రాసినవాళ్ళ అనుమతి ఉందా మేడమ్? కాపీరైట్ విషయంలో మా షాపు నిప్పు."

"పోయిన నెల మా కాలేజీ లెక్కల పుస్తకం ముందు అట్ట నుంచి వెనక అట్ట దాకా నలభై కాపీలు తీసి బైండు చేశావు," అన్నాడు బావ. "రాసింది నేను."

"అది విద్యాసేవ బావగారూ. రెండూ ఒకటేనా?"

"సరే, పనిలోకి వద్దాం," అంది లాయరమ్మ. "వాళ్ళు ఏమంటారంటే, ఇది మేం ఎప్పుడో మా ఆఫీసులో రాసుకున్నాం, బయట పెట్టలేదు, మీరు కాజేశారు అంటారు. వాళ్ళ మెషీనూ చొక్కా కత్తిరిస్తుంది, మీ ప్రోగ్రామూ చొక్కా కత్తిరిస్తుంది. రెండూ ఒకేలా వచ్చాయంటే, లెక్క సరైనది కాబట్టి ఒకేలా వచ్చిందంటారు. మీ దగ్గర నుంచే వెళ్ళిందని చూపించేది ఏమైనా ఉందా?"

బావ గడ్డం గోక్కున్నాడు. "పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు నాకూ ఇదే తలనొప్పి. ఇద్దరు సరైన జవాబు రాస్తే ఏమీ అనలేం. ఇద్దరూ ఒకే తప్పు రాస్తే పట్టుకుంటాం."

"మీ ప్రోగ్రాంలో తప్పులున్నాయా?"

"లేవు," అంది అక్క. సూది కాస్త లోతుగా దిగింది. లాయరమ్మ భుజం ఎగరేసింది.

"ఒకటుంది," అన్నాడు బావ.

అక్కా బావా ఇద్దరూ డిటెక్టివ్ చొక్కా వైపు చూశారు.

జరిగిందేమిటంటే, ప్రోగ్రాం రాసిన కొత్తలో దాన్ని పరీక్షించడానికి ఒక మనిషి కొలతలు కావలసి వచ్చాయి. అక్కకు ఆ రోజు తీరిక లేదు. టేపు బావ పట్టుకున్నాడు. మనిషిగా డిటెక్టివ్ ముందుకొచ్చాడు. ఆ సమయంలో అతను కిటికీలోంచి ఎదురింటి సైకిలు మీద నిఘా వేసి ఉన్నాడు. భూతద్దం పట్టుకున్న ఎడమ చెయ్యి కంటి దగ్గర నుంచి దించనన్నాడు. చొక్కా లోపల కుడివైపు పెద్ద టార్చిలైటు పెట్టుకున్నాడు, అదీ తియ్యనన్నాడు. టైలర్లయితే ఒక చెయ్యి కొలిచి, రెండోదీ అంతే అనుకుంటారు. బావ లెక్కల మనిషి. కుడీ ఎడమా విడివిడిగా కొలిచాడు. మడిచి ఉన్న ఎడమ చెయ్యికి భుజం నుంచి మణికట్టు దాకా టేపు తిన్నగా పట్టాడు. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ అని అతనికి తెలుసు. చొక్కా చెయ్యి మోచేతి చుట్టూ తిరిగి రావాలని తెలియదు. టార్చిలైటును ఛాతీగా రాసుకున్నాడు.

అలా వచ్చిన చొక్కాను అక్క చింపబోయింది. డిటెక్టివ్ ఒప్పుకోలేదు. ఎడమ చెయ్యి పొట్టిగా ఉంటే భూతద్దానికి అడ్డురాదన్నాడు. ఆ రోజు నుంచి టార్చిలైటు లోపల పెట్టుకుని అదే వేసుకుంటున్నాడు.

"మరి తప్పని తెలిశాక ఆ కొలతలు ఎందుకు మార్చలేదు?" అని అడిగింది లాయరమ్మ.

"మార్చకూడదు," అన్నాడు బావ. "కొత్తవాళ్ళు ఏ ముక్క చేర్చినా, ముందు నమూనా బటన్ నొక్కి చూస్తారు. అది నొక్కితే వీడి కొలతలకే చొక్కా గీస్తుంది. ఈ వంకర చొక్కా ఇదివరకటి లాగే వంకరగా వస్తే, వాళ్ళు చేర్చింది దేన్నీ చెడగొట్టలేదన్న మాట. తిన్నగా వచ్చిందంటే ఎక్కడో ఏదో పోయింది. అరవై మందీ వీడి ఎడమ చెయ్యి చూసే పని చేశారు."

"నన్ను అరవై మంది రహస్యంగా గమనిస్తున్నారా?" అన్నాడు డిటెక్టివ్.

"కంపెనీ మెషీన్‌లో నమూనా నొక్కి చూడండి మరి," అంది లాయరమ్మ.

"ఇందాకే వాళ్ళ షోరూంకి వెళ్ళి చూసొచ్చాను," అన్నాడు బావ. "ఆ బటన్ లేదు. తీసేశారు."

లాయరమ్మ కోటు విప్పి అక్క చేతికిచ్చింది. "అయితే కష్టం. శుక్రవారం పొద్దున వెళ్ళి మేనేజర్‌తో మాట్లాడి చూద్దాం. మాటలతో లొంగుతాడని నాకు నమ్మకం లేదు." తరువాత డిటెక్టివ్ వైపు తిరిగింది. "మీరు మాత్రం రావద్దు."

బుధవారం అక్కకు ఒక ఫోను వచ్చింది. వంగిన వీపు కటింగ్ చేర్చిన పెద్దాయన కూతురు. పెద్దాయన పోయిన ఏడాది చనిపోయాడు.

"అక్కా, నాన్న పేరున్న పేజీ మళ్ళీ వస్తుందా? మా పాప తాతయ్య పేరు చూస్తానని గొడవ చేస్తోంది. రోజూ చూపించేదాన్ని."

"వస్తుందమ్మా," అంది అక్క. ఫోను పెట్టేశాక కుట్టబోతున్న కాలర్‌ను తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకుంది.

గురువారం డిటెక్టివ్ వీధిలో కనిపించలేదు. అతని షాపు తలుపు మీద 'లోపల ఎవరూ లేరు' అని కాగితం అంటించి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించిందని బాబాయి చెప్పాడు.

శుక్రవారం ఉదయం అక్క, బావ, లాయరమ్మ కంపెనీ షోరూంకి వెళ్ళారు. అద్దాల గది. మధ్యలో కొత్త కత్తిరింపు మెషీన్ ఉంది. కొలతలు నొక్కితే కింద పరిచిన గుడ్డ మీద బ్లేడు తిరిగి ముక్కలు కోసేస్తుంది. ఆ షోరూంలో ఒక పద్ధతి ఉంది. ఎవరు చూడటానికి వచ్చినా, వాళ్ళ కొలతలకే చొక్కా కోసి, అక్కడికక్కడే కచ్చా కుట్టు వేసి, తొడిగి చూపిస్తారు. ఆ కుట్టు వెయ్యడానికి ఒక సేల్స్ అమ్మాయి సూదీ దారంతో సిద్ధంగా ఉంటుంది.

మేనేజర్ ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. అక్క చెప్పింది ఆఖరిదాకా విన్నాడు.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. మా ఇంజనీర్లు ఎంత కష్టపడి రాశారో మీకూ అర్థం కావాలి. అయినా పోట్లాట ఎందుకు? ఒక కాగితం రాయిస్తాను. 'కొలత' మీద హక్కులన్నీ కంపెనీకి ఇస్తున్నట్టు మీరు సంతకం పెట్టండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం. మెషీన్‌లో మొదటి పేజీలో మీ పేరు వేస్తాం. మీ ఒక్కరిదే. పెద్ద అక్షరాలతో."

"మిగతావాళ్ళవి?"

"అంతమంది పేర్లు ఎవరు చదువుతారమ్మా?"

"ఒక పాప చదువుతుంది," అంది అక్క. "నాది కానిది నేనెట్లా రాసిస్తానండీ? నేను కుట్టిన జాకెట్టు మీకు అమ్మగలను. ఫాల్ కుట్టమని ఇంకొకరిచ్చిన చీర అమ్మలేను కదా."

"అయితే సాయంత్రం దాకా చూద్దాం," అన్నాడు మేనేజర్, గోడ గడియారం చూస్తూ.

అప్పుడు అద్దం తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. బయట ఎండ కాస్తోంది. అతను మెడ దాకా గుండీలు పెట్టిన రెయిన్‌కోటు వేసుకున్నాడు. మీసం మీద ఇంకో మీసం అంటించుకున్నాడు.

"మా తమ్ముడు," అంది అక్క లాయరమ్మ చెవిలో.

"రావద్దన్నాను కదా."

"అందుకే వచ్చాడు."

అతను ముగ్గురినీ దాటుకుని మెషీన్ దగ్గరికి వెళ్ళాడు. దాటేటప్పుడు బావకు కన్ను కొట్టాడు. బావ ఇంకో వైపు చూశాడు.

"నేను విదేశీ వస్త్ర వ్యాపారిని," అన్నాడు సేల్స్ అమ్మాయితో. "మెషీన్ ఎలా పనిచేస్తుందో చూపించండి."

"తప్పకుండా సార్. మీ కొలతలు తీసుకోనా?"

అమ్మాయి టేపు తీసింది. డిటెక్టివ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అసలు కొలతలు ఇస్తే శత్రువు గుట్టు పసిగడతాడని గురువారమంతా ఫ్యాను కింద కూర్చుని ఆలోచించుకున్నాడు.

"ముట్టుకోవద్దు. నేనే చెప్తాను, రాసుకోండి. మెడ యాభై అంగుళాలు."

"యాభయ్యా సార్?"

"మా వంశంలో అందరికీ అంతే. ఛాతీ పది."

"నడుము?"

"అది చెప్పడం కుదరదు."

"సున్నా వెయ్యనా సార్?"

"వెయ్యండి. చేతులు కూడా సున్నా."

అమ్మాయి మేనేజర్ వైపు చూసింది. అతను అక్కతో మాట్లాడుతూనే, కస్టమరు చెప్పినట్టు కానిమ్మని చేత్తో సైగ చేశాడు. అమ్మాయి అంకెలు నొక్కింది. మెషీన్ ఒక్క క్షణం ఆగింది. బ్లేడు కదిలింది.

ముక్కలు కోయడం అయ్యాక అమ్మాయి వాటిని పేర్చి కుట్టు మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది. ఒక చెయ్యి ముక్క ఎత్తి చూసింది. ఇంకో చెయ్యి పక్కన పెట్టి చూసింది. రెండూ కుట్టేసింది. ఆమెకు చెప్పిన పని అది.

"తొడిగి చూసుకోండి సార్. రెయిన్‌కోటు తియ్యాలి."

"అవసరమా?"

"దాని మీద పట్టదు సార్."

డిటెక్టివ్ రెయిన్‌కోటు విప్పాడు. లోపల ఎప్పుడూ వేసుకునే చొక్కా ఉంది. అమ్మాయి కొత్త చొక్కా భుజాలు పట్టుకుని అతని పక్కన ఎత్తింది.

పాత చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగింది. కొత్తదీ అక్కడే ఆగింది. పాతదానికి కుడి ఛాతీ సంచిలా వేలాడుతోంది. కొత్తదానికీ వేలాడుతోంది.

బావ కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, మర్చేపోయాను," అన్నాడు.

"ఏమిటండీ?" అంది అక్క.

"మనిషికి ఉండని కొలతలు ఇస్తే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయేది. ఆగకుండా నమూనా కొలతలు తీసుకునేట్టు మొదట్లోనే రాశాను. బటన్ తీసేసినా లోపల అది అట్లాగే ఉంది. వీళ్ళు చూసుకోలేదు. నాకే గుర్తులేదు."

డిటెక్టివ్ కొత్త చొక్కాను, తన చొక్కాను మార్చి మార్చి చూసుకున్నాడు. అంటించిన మీసం ఒకవైపు ఊడింది.

"నా కొలతలు," అన్నాడు. "నేను చెప్పలేదు. అయినా వీళ్ళకు తెలుసు. నా శరీర రహస్యాలు కాజేశారు బావా. ఇది అంతర్జాతీయ గూఢచర్యం."

"నోరు ముయ్యి," అన్నాడు బావ. "చెయ్యి మాత్రం అట్లాగే పెట్టు."

లాయరమ్మ రెండు చొక్కాలనూ, మధ్యలో డిటెక్టివ్‌ను, వెనక మెషీన్ తెర మీద ఉన్న యాభై, పది, సున్నా అంకెలను ఫోటో తీసింది. తరువాత మేనేజర్‌ను అడిగింది.

"మీ ఇంజనీర్లు సొంతంగా రాసిన ప్రోగ్రాంలోకి ఈయన ఎడమ చెయ్యి ఎలా వచ్చిందండీ?"

"కాకతాళీయం," అన్నాడు మేనేజర్.

"ఈ టార్చిలైటు కూడానా?" డిటెక్టివ్ పాత చొక్కా లోపల చెయ్యి పెట్టి, టార్చిలైటు తీసి చూపించింది అక్క. దాన్ని కొత్త చొక్కా సంచిలో పెట్టింది. సరిపోయింది.

మేనేజర్ ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సేల్స్ అమ్మాయి డిటెక్టివ్‌ను అడిగింది. "సార్, ఇది ప్యాక్ చెయ్యనా?"

"చెయ్యండి. సాక్ష్యం."

బయటికి వచ్చాక డిటెక్టివ్ రెయిన్‌కోటు భుజం మీద వేసుకుని ముందు నడిచాడు.

"చూశారా బావగారూ. తప్పుడు కొలతలనే ఎర వేసి శత్రువును వలలోకి లాగాను."

"అట్లా వేస్తే నమూనా వస్తుందని నీకు తెలుసా?"

"తెలియదు. రహస్యం బయటపడకూడదని నాకు కూడా తెలియనివ్వలేదు. పరిశోధన అంటే అదీ."

బావ కళ్ళు మూసుకున్నాడు. నడుస్తున్నాడు కాబట్టి వెంటనే తెరిచాడు.

కంపెనీ ఆ సాయంత్రం ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. సైటులో 'కొలత' పేజీ తిరిగి వచ్చింది. యూనిఫారాలు సగంలో ఆపిన ఆమె మిగతా సైజులు తీసుకుంది. లాయరమ్మ పంపిన కాగితానికి కంపెనీ ఒకే వాక్యంలో జవాబిచ్చింది: పొరపాటు జరిగింది. తరువాత విడుదలైన మెషీన్లలో తాళం లేదు. పేర్ల పేజీ ఉంది. అక్క అందులో వంగిన వీపు కటింగ్ పక్కనున్న పేరు వెతికి చూసి, పెద్దాయన కూతురికి ఫోను చేసింది. ఫోను పాప ఎత్తింది. తాతయ్య పేరు అప్పటికే సైటులో చదివేశానని చెప్పింది.

సైటులోని పేర్ల పేజీ ఆఖరి వరుసలో బావ ఒకటి కొత్తగా చేర్చాడు: 'నమూనా శరీరం: డిటెక్టివ్'.

ఆ పేజీ జిరాక్స్ ఇప్పుడు డిటెక్టివ్ షాపులో గోడకు ఉంది. లామినేషన్ చేసి పెట్టాడు. అందులో ఆఖరి వరుస ఒక్కటే పడింది. మిగతా పేర్ల మీద తెల్లకాగితం పెట్టి కాపీ తీశాడు.